ఆరో ఎపిసోడ్ దాకా ఆగని పాడ్‌కాస్ట్: కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు

"పాడ్‌కాస్ట్ పెడదామనుకుంటున్నా, ఏ మైకు కొనాలి?" అని అడిగేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం తిరిగి ఒకటి అడుగుతాను: మీ ఆరో ఎపిసోడ్ దేని మీద? మొదటిది ఎవరైనా చేస్తారు. రెండోది ఆ ఊపులో వచ్చేస్తుంది. మూడోదానికి ఆఫీసులో పని మీద పడుతుంది, నాలుగోదానికి ఇంట్లో పెళ్లి వస్తుంది, ఆ తర్వాత ఎడిటింగ్ ఫైలు తెరవాలంటేనే బద్ధకం. మైకు బాగాలేక ఆగిపోయిన పాడ్‌కాస్ట్ నేనైతే చూడలేదు. వారంలో దొరికే తీరికకు మించిన పని నెత్తిన పెట్టుకుని ఆపేసినవాళ్లను మాత్రం చాలామందిని చూశాను. అందుకే ఇక్కడ చెప్పే ప్రతిదానికీ నా కొలత ఒకటే: ఇలా చేస్తే ఆరో ఎపిసోడ్ నాటికి ఓపిక మిగులుతుందా, లేదా.

మాది భూదాన్ పోచంపల్లి దగ్గర పల్లె. ఇంట్లో మగ్గం ఉంది. నేను హైదరాబాద్‌లో ఎల్బీ నగర్ వైపు ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఆదివారాలు ఊరికెళ్లి మగ్గం పనివాళ్లతో మాట్లాడి రికార్డు చేసుకుంటాను, వారం మధ్యలో రాత్రిళ్లు ఎడిట్ చేస్తాను. కాబట్టి నా ఉదాహరణలన్నీ మగ్గాల చుట్టే తిరుగుతాయి. మీది వంటలో, క్రికెటో, గ్రూప్స్ ప్రిపరేషనో కావచ్చు. పని తీరు ఇదే.

ముందు కాగితం మీద

"చేనేత గురించి చేస్తాను" అనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "మా చుట్టుపక్కల ఊళ్లలో చిటికి కట్టేవాళ్లు (రంగు అంటకుండా నూలుకు కట్లు కట్టేవాళ్లు), ఆసు పోసేవాళ్లు (నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి చుట్టేవాళ్లు), రంగులద్దేవాళ్లు, నేసేవాళ్లు తమ పని గురించి తామే చెప్పేది" అనుకుంటే, రేపు ఎవరింటికి వెళ్లాలో కూడా తెలిసిపోతుంది. మీ విషయాన్ని అంత దగ్గరికి తెచ్చుకోండి. తర్వాత ఒక సాయంత్రం కూర్చుని పది ఎపిసోడ్లకు పేర్లు రాయండి. అందమైన పేర్లు అక్కర్లేదు, మీకు అర్థమైతే చాలు. నాలుగు దగ్గర పెన్ను ఆగిపోయిందంటే విషయం మరీ ఇరుగ్గా ఉందనో, మీకే అంత ఆసక్తి లేదనో అర్థం. రెండింటిలో ఏదైనా సరే, డబ్బు ఖర్చు పెట్టకముందే తెలియడం మంచిది.

ఎపిసోడ్ ఎక్కడ దొరుకుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. మా వైపు చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. ఒక చీరకు చేయి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి పడే భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇదంతా పేపర్లలో, టీవీల్లో చాలాసార్లు వచ్చిందే. దాన్నే మళ్లీ చెబితే వినేవాళ్లకు కొత్తేముంది? కానీ యంత్రం వచ్చాక ఆ ఆడవాళ్లకు మిగిలిన పొద్దంతా ఏమైంది? ఎవరు మగ్గమెక్కారు, ఎవరు బీడీలు చుట్టారు, ఎవరికి ఇంకో పని వచ్చి పడింది? అది అడగాలంటే ఇంటికి వెళ్లాల్సిందే. అందరికీ తెలిసిన కథ పక్కనే ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంటుంది. మీ పది పేర్లలో సగమైనా అలాంటివి ఉండేలా చూసుకోండి.

వినేవాళ్లు ఎవరు? "అందరూ" అనకండి. ఒక్క మనిషిని పెట్టుకోండి. నేను పెట్టుకున్నది మా చిన్నమ్మ కూతుర్ని. మగ్గం చప్పుడు మధ్యే పుట్టింది, ఇప్పుడు సిటీలో ఉద్యోగం, పడుగేదో పేకేదో తెలియదు, తెలుసుకోవాలని మాత్రం ఉంది. ఏ మాటకు వివరం ఇవ్వాలి, దేన్ని వదిలేయాలి అన్న సందేహం వస్తే ఆ పిల్లను తలచుకుంటాను. "అచ్చు" అంటే మగ్గంలో పడుగు దారాలు దూరే దువ్వెనలాంటిదని ఆమెకు ఒక ముక్కలో చెప్పాలి. "బతుకమ్మ" అంటే చెప్పక్కర్లేదు.

పేరు దగ్గర జనం కవిత్వానికి పోతారు. ఒంటి మాటతో, చాలా అందంగా. కానీ కొత్తవాళ్లు మిమ్మల్ని వెతుక్కుని రావాలంటే పేరులోనో, దాని కింది చిన్న పేరులోనో విషయం తెలియాలి. పేరు ఖాయం చేసే ముందు స్పాటిఫైలో, ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌లో, యూట్యూబ్‌లో వెతికి, ఇంకెవరైనా వాడుతున్నారేమో చూడండి. పేరు తెలుగు లిపిలో పెట్టినా, మనవాళ్లు చాలామంది ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాలతోనే వెతుకుతారు కాబట్టి పరిచయం రాసేచోట ఆ స్పెల్లింగ్ కూడా ఒకసారి వచ్చేలా చూడండి.

ఇక ఎంతసేపు, ఎన్నాళ్లకొకటి? ఉద్యోగం చేసుకునేవాళ్లకు నా సలహా: ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాలు, రెండు వారాలకొకటి, ఆరింటితో ఒక సీజన్. వారానికొకటి అనే మాట నోట్లోంచి రానివ్వకండి. ఇరవై నిమిషాల ఇంటర్వ్యూ ఎడిటింగ్‌కి కొత్తవాళ్లకు మూడు నాలుగు గంటలు ఇట్టే అయిపోతాయి. సీజన్ అని ముందే చెబితే మధ్యలో తీసుకునే విరామానికి ఒక పేరుంటుంది, వినేవాళ్లూ వదిలేశారనుకోరు. పెళ్లిళ్ల సీజన్లో మగ్గమెక్కినవాళ్లకు మాట్లాడే తీరికుండదు కాబట్టి నా విరామాలన్నీ అప్పుడే. మీ విషయానికీ అలాంటి తీరికలేని నెలలు ఉంటాయి, క్యాలెండర్ ముందేసుకుని చూసుకోండి.

మైకు కంటే గది ముఖ్యం

మొదటి సీజన్ ఫోనుతో చేయొచ్చు. దానికి తోడుగా కాలరుకు పెట్టుకునే వైరు మైకు ఒకటి చాలు. బోయా బీవై-ఎం1 లాంటివి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతాయి. దాని వైరు 6 మీటర్లుంటుంది, మధ్యలో చిన్న డబ్బాకు ఒక స్విచ్ ఉంటుంది. ఫోనుకు పెట్టినప్పుడు అది స్మార్ట్‌ఫోన్ వైపు ఉండాలి. కెమెరా వైపు ఉంటే ఏమీ రికార్డు కాకపోవచ్చు, లేదా గొంతు చెడిపోవచ్చు. మీ ఫోనుకు గుండ్రటి ఇయర్‌ఫోన్ రంధ్రం లేకపోతే టైప్-సీ కన్వర్టర్ కూడా కావాలి. కొన్నాక ఇంట్లోనే ఒక నిమిషం రికార్డు చేసి, మైకును గోటితో మెల్లగా గీకి చూడండి. ఆ గీకుడు గట్టిగా వినిపిస్తే మైకు పనిచేస్తున్నట్టు. లీలగా వినిపిస్తే ఫోను తన సొంత మైకుతో రికార్డు చేస్తోందన్నమాట.

ఒంటరిగా కూర్చుని మాట్లాడే పాడ్‌కాస్ట్ అయితే, ఆరు ఎపిసోడ్లు పూర్తయ్యాక యూఎస్‌బీ మైకు సంగతి ఆలోచించండి. అప్పుడు కూడా దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టుకునే డైనమిక్ రకమే తీసుకోండి. కండెన్సర్ మైకు చాలా చురుకైంది: మీ గొంతుతో పాటు ఫ్యానును, పక్కింటి కుక్కర్‌ను, వీధిలో ఉల్లిగడ్డల ఆటో మైకును కూడా అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. స్టూడియో గది లేని మనకు అది వరం కాదు.

గదిని పరీక్షించడానికి మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టండి. చివర్లో "ఠంగ్" అని సాగితే అక్కడ వద్దు. టైల్స్ వేసిన ఖాళీ హాలు కంటే, మంచం, పరుపు, బట్టల బీరువా ఉన్న చిన్న గది నయం. బీరువా తలుపులు తీసి, బట్టల వైపు ముఖం పెట్టి కూర్చోండి. వెనక తాడు కట్టి బొంత వేలాడేస్తే ఇంకా మంచిది. ఫ్యాను, కూలరు, ఏసీ ఆపాలి. ఎండాకాలంలో అది కష్టమే, అందుకని తెల్లవారుజామున చేయండి. గుడి మైకు ఎన్నింటికి మొదలవుతుందో, నీళ్ల మోటారు ఎప్పుడు వేస్తారో ఒకసారి రాసి పెట్టుకుంటే రికార్డింగు వేళ దానంతటదే తేలుతుంది.

మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. సూటిగా ఎదురుగా పెడితే ప, ఫ, భ పలికినప్పుడల్లా గాలి వచ్చి తగిలి "బుఫ్" మంటుంది. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సైలెంట్ సరిపోదు, కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగే ఆగిపోతుంది. రికార్డింగ్ యాప్‌లో డబ్ల్యూఏవీ (శబ్దాన్ని కుదించని) ఫార్మాట్, 44.1 కిలోహెర్ట్జ్, మోనో (ఒకే చానెల్) ఎంచుకోండి. నిమిషానికి 5 ఎంబీ పైచిలుకు అవుతుంది, గంటకు 300 ఎంబీ దాటుతుంది. వెళ్లే ముందే ఫోన్లో జాగా ఖాళీ చేసుకోండి. గట్టిగా మాట్లాడినప్పుడు యాప్‌లో శబ్దం మీటరు మైనస్ 12కీ మైనస్ 6 డెసిబెల్స్‌కీ మధ్య ఆడాలి. ఎరుపులోకి పోయి పగిలిన గొంతును ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. తక్కువగా వచ్చినదాన్ని పెంచుకోవచ్చు.

మనిషి ముందు కూర్చున్నప్పుడు

ఇంటర్వ్యూల గురించి కాస్త ఎక్కువే చెబుతాను. ఎందుకంటే గైడ్లన్నీ యాప్‌ల గురించి చెప్పి ఇక్కడికి వచ్చేసరికి "మంచి ప్రశ్నలు అడగండి" అని ఊరుకుంటాయి.

కాలరు మైకు కాలరుకు అంటారు గానీ, మా ఊళ్లో పెద్దవాళ్లలో కాలరుండే చొక్కా వేసుకునేది ఎంతమంది? అవ్వకు పెట్టాల్సింది పైట మడత దగ్గరో, జాకెట్ మెడ అంచుకో. గడ్డం నుంచి అరచేయంత కింద. పుస్తెలతాడు, నల్లపూసలు మైకుకు తగులుతుంటే రికార్డింగంతా గలగలే, కాబట్టి "అవ్వా, గొలుసు ఒక్కసారి లోపలికేసుకో" అని అడగాలి. చేతుల్లో గాజులు ఉంటాయి. మాట్లాడుతూ చేతులు ఆడిస్తారు. గాజులు తీయమని అడగడం మర్యాద కాదు, నేనైతే అడగను. ఒడిలో ఒక తువ్వాలు పెట్టి దానిమీద చేతులు పెట్టుకోమంటే చప్పుడు సగం తగ్గుతుంది. పట్టు చీర అయితే పైట రాపిడి కూడా వినిపిస్తుంది, ముందురోజే "నూలు చీర కట్టుకో అవ్వా" అని చెప్పి పెట్టుకుంటే సరి.

ప్రశ్నలు ముందే రాసి ఇవ్వొద్దు. ఇస్తే జవాబులు బట్టీ పట్టి, టీవీలో మాట్లాడినట్టు మాట్లాడతారు. "మీ అనుభవాలు మాతో పంచుకోండి" అన్నామంటే మనిషి బిగుసుకుపోతుంది. "ఏం జెప్పాలె బిడ్డా, మా పనిల జెప్పేటందుకు ఏమున్నది?" అనేది మా ఊళ్లో మామూలుగా వచ్చే జవాబు. అందుకని నా మొదటి ప్రశ్న ఎప్పుడూ చేతిలో ఉన్న పని గురించే: "ఇయ్యాల మగ్గం మీద ఏమున్నది అవ్వా?" దానికి జవాబు ఆలోచించక్కర్లేదు. రంగు చెబుతుంది, ఎవరి ఆర్డరో చెబుతుంది, నూలు ఎట్లా తెగుతోందో తిడుతుంది, ఆ తిట్టులోంచి సంభాషణ మొదలవుతుంది. మీ అతిథి డాక్టరైనా, డ్రైవరైనా ఇదే. ఈరోజు పొద్దున ఏం చేశారో అడగండి. జీవితం గురించి తర్వాత వాళ్లే చెబుతారు.

అవతలివాళ్లు చెబుతుంటే "ఊఁ, ఊఁ, అవునా" అనడం మనకు అలవాటు, అనకపోతే వినట్లేదనుకుంటారేమోనని భయం. రికార్డింగులో ఆ ఊకొట్టడం వాళ్ల మాట మీద పడి, తర్వాత కోయడానికి వీల్లేకుండా పోతుంది. తల ఊపండి, కళ్లలోకి చూడండి. జవాబు అయిపోయిందనిపించాక వెంటనే రెండో ప్రశ్న వేయకుండా కాసేపు ఊరుకోండి. అసలు మాట చాలాసార్లు ఆ ఖాళీలోనే వస్తుంది.

మగ్గం ఆడుతుండగా మాట్లాడిస్తే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. వద్దు. పేక దారాన్ని మోసుకెళ్లే నాడె అటూ ఇటూ పోయే చప్పుడు, ఆ దారాన్ని బిగించే పలక కొట్టే దెబ్బ ప్రతి వాక్యం మీదా పడతాయి. ఒక వాక్యాన్ని కోస్తే చప్పుడు తాళం తప్పుతుంది. మాటలు మాటలుగా, మగ్గం ఆపి రికార్డు చేయండి. అయిపోయాక "ఇప్పుడు కాసేపు నెయ్యి అవ్వా, నేను మాట్లాడను" అని చెప్పి, రెండు నిమిషాలు మగ్గం చప్పుడొక్కటే తీసుకోండి. ఫోనును మగ్గం కర్రమీద పెడితే అదురుడు తప్ప ఏమీ రాదు, చేత్తో పట్టుకుని కాస్త దూరంగా నిలబడండి. తర్వాత ఆ చప్పుడును మాటల కింద సన్నగా వేసుకోవచ్చు, ఎపిసోడ్ మొదట్లో సంగీతానికి బదులుగా వాడుకోవచ్చు. మసాలా వేగే చప్పుడైనా, వర్క్‌షాపులో సుత్తి చప్పుడైనా ఇదే పద్ధతి. వచ్చేముందు ఒక అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఖాళీ గదిని కూడా రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో దాని అవసరం ఉంది.

అనుమతి రికార్డింగులోనే తీసుకోండి, అర్థమయ్యే మాటల్లో: "ఈ మాటలు ఫోన్లల్ల అందరు వింటరు, ఊరోళ్లు గూడ వింటరు. నీకిష్టమేనా?" కూలీ ఎంత, అప్పు ఎంత, సావుకారు ఎవరు అన్నవి మాటల్లో వచ్చేస్తాయి. అప్పటికి చెప్పేసినా, రేపు ఆ మనిషి దగ్గరే నూలు తెచ్చుకోవాలి కదా. అలాంటివి విడుదలకు ముందు మళ్లీ వినిపించి, ఉంచాలా తీయాలా అని అడుగుతాను. తీయమంటే తీసేస్తాను, ఎంత మంచి ముక్కయినా సరే.

అతిథి దూరంగా ఉంటే? మా పద్మశాలీలు భీవండి, సూరత్, షోలాపూర్ వలస వెళ్లినవాళ్లు ఎందరో. ఫోన్ కాల్‌ను రికార్డు చేస్తే గొంతు సన్నబడిపోతుంది. మామూలుగా కాల్‌లో మాట్లాడుకుంటూనే, ఇద్దరూ ఇంకో ఫోన్లో ఎవరి గొంతు వాళ్లు రికార్డు చేసుకోవడం చవకైన పద్ధతి. కాల్‌కు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలి, లేకపోతే మీ గొంతు అవతలి రికార్డింగులో కూడా పడుతుంది. మొదట్లో ఇద్దరూ కలిసి ఒక చప్పట్లు కొడితే తర్వాత రెండు ఫైళ్లను కలపడం తేలిక. ఆ ఫైలును వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. వాయిస్ మెసేజ్‌గా పంపితే కుదించుకుపోతుంది.

ఎడిటింగ్ ఎంతవరకు

కంప్యూటరుంటే ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. వరస ఇదీ: ముందు ఒకసారి పూర్తిగా వింటూ పనికొచ్చే చోట్లు నిమిషాలతో సహా కాగితం మీద రాసుకోండి. తర్వాత పెద్ద ముక్కలు తీసేయండి. మొదటి అయిదు నిమిషాలు చాలాసార్లు మొత్తంగా పోతాయి, అతిథి అప్పటికింకా మైకు గురించే ఆలోచిస్తుంటారు. "ఆఁ", "అంటే"లన్నీ ఏరి పారేయకండి. మనుషులు అలాగే మాట్లాడతారు, పైగా ఆ పనితో రాత్రంతా గడిచిపోతుంది.

తర్వాత ఇందాకటి ఖాళీ గది శబ్దాన్ని సెలెక్ట్ చేసి, నాయిస్ రిడక్షన్‌లో గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కండి. మొత్తం సెలెక్ట్ చేసి మళ్లీ అదే ఎఫెక్ట్‌ను 6 నుంచి 12 డెసిబెల్స్ మధ్య వేయండి. ఎక్కువ వేస్తే మనిషి బిందెలో తల పెట్టి మాట్లాడినట్టుంటుంది. కాస్త ఫ్యాను చప్పుడున్నా దానికంటే నయం. ఆపైన గట్టి మాటకూ మెల్లని మాటకూ తేడా తగ్గించే కంప్రెసర్ తేలిగ్గా, చివర్లో మొత్తం శబ్దాన్ని ఒక స్థాయికి తెచ్చే లౌడ్‌నెస్ నార్మలైజేషన్. ఆపిల్ కోరేది మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్‌కు (వినిపించే గట్టిదనానికి కొలత) అటూ ఇటూ 1, ట్రూ పీక్, అంటే శబ్దం చేరే పై అంచు, మైనస్ 1 దాటకూడదు. స్పాటిఫై తనంతట తాను మైనస్ 14 దగ్గరకు సర్దుకుంటుంది. నేను మైనస్ 16 పెట్టి ఊరుకుంటాను. మోనో ఫైలయితే ఆ ఎఫెక్ట్‌లో మోనోను డ్యూయల్ మోనోగా లెక్కించే టిక్కు ఉంటుంది, అది పెట్టాలి. ఎంపీ3గా మోనోలో, 96 కేబీపీఎస్‌తో ఎక్స్‌పోర్ట్ చేస్తే ఇరవై అయిదు నిమిషాల ఎపిసోడ్ 18 ఎంబీ దగ్గర వస్తుంది. ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకు అది ముఖ్యం. చివరిగా బస్సులో కూర్చుని, ఒక్క చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. ఆ రొదలో మాట అర్థమైతే పాసయినట్టే.

ఎపిసోడ్ ఎత్తుకోవడం గురించి నాకొక పట్టింపు ఉంది. మనలో చాలామంది ఆకాశవాణి ఫక్కీలో "శ్రోతలందరికీ నమస్కారం, మీరు వింటున్నది..." అని మొదలుపెట్టి రెండు నిమిషాలు స్వాగతం చెబుతారు. రేడియోలో అలా చెప్పడానికి కారణముంది: ఎవరు ఏ నిమిషంలో ట్యూన్ చేస్తారో తెలియదు, ఏ స్టేషనో చెప్పాల్సిందే. పాడ్‌కాస్ట్ వినేవాళ్లు పేరు చదివి, వాళ్ల వేలితో నొక్కి వచ్చారు. వాళ్లకు మళ్లీ పేరు చెప్పడమెందుకు? అతిథి మాటల్లోంచి బిగువైన ముక్క ఒకటి ముందు వేయండి, తర్వాత రెండు వాక్యాల్లో ఆ మనిషి ఎవరో చెప్పండి, విషయంలోకి వెళ్లండి.

సంగీతం, కథలు: ఎవరి సొత్తు

సినిమా పాట ముక్క వాడొద్దు. "30 సెకన్ల లోపు అయితే ఫర్వాలేదు" అనేది ఊరికే ప్రచారంలో ఉన్న మాట, మన 1957 కాపీరైట్ చట్టంలో అలాంటి లెక్క లేదు. యూట్యూబ్ అయితే కంటెంట్ ఐడీ అనే గుర్తింపు ఏర్పాటుతో ఇట్టే పట్టేస్తుంది. క్రియేటివ్ కామన్స్ సంగీతం (కొన్ని షరతులతో ఇతరులు వాడుకోనిచ్చేది) వాడేటప్పుడు లైసెన్సు చూడండి: బీవై అని ఉంటే పేరు ఇవ్వాలి, ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు, ఎన్‌డీ అంటే మార్చి వాడకూడదు, మాటల కింద వేయడం కూడా అందులోకి రావచ్చు. జానపద పాట అందరిదీ కావచ్చు, ఎవరో పాడి విడుదల చేసిన రికార్డింగు మాత్రం వాళ్లది. మీ ఊరి మనిషి చేత పాడించుకుని, ఆమె అనుమతి తీసుకోండి.

కథలు చదివే పాడ్‌కాస్ట్ పెట్టాలనుకునేవాళ్లు ఇది గమనించాలి. మన దేశంలో రచయిత చనిపోయిన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎవరైనా చదవొచ్చు. చలం 1979లో పోయారు కాబట్టి 2039 చివరి దాకా అనుమతి కావాలి. "పాత రచయితే కదా" అనే లెక్క పనికిరాదు.

ఎక్కడ పెట్టాలి

కొత్తవాళ్లను బాగా గందరగోళపెట్టేది ఇదే. మీరు ఆడియోను ఆపిల్‌కో, అమెజాన్ మ్యూజిక్‌కో నేరుగా ఎక్కించరు. ఒక హోస్టింగ్ సర్వీసులో పెడతారు. అది ఆర్ఎస్ఎస్ ఫీడ్ అనే లింకు ఇస్తుంది, అందులో మీ ఎపిసోడ్ల జాబితా ఉంటుంది. ఆ లింకును ఒక్కో యాప్‌కు ఒక్కసారి ఇస్తే చాలు, కొత్త ఎపిసోడ్ పెట్టినప్పుడల్లా అవే వచ్చి చూసుకుంటాయి. ఉచితంగా మొదలుపెట్టాలంటే స్పాటిఫై ఫర్ క్రియేటర్స్ ఉంది. పాత గైడ్లలో యాంకర్ అని ఉండేది ఇదే, 2019లో స్పాటిఫై కొనేసింది. ఇందులో ఆర్ఎస్ఎస్ పంపిణీని సెట్టింగ్స్‌లో మీరే ఆన్ చేసుకోవాల్సి రావచ్చు. చేయకపోతే స్పాటిఫైలో తప్ప ఇంకెక్కడా కనిపించరు. బజ్‌స్ప్రౌట్, పాడ్‌బీన్ లాంటివి డబ్బు తీసుకుంటాయి, గణాంకాలు, సాయం బాగుంటాయి. మొదటి సీజన్‌కు ఉచితమే చాలు. ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి: రేపు వేరే చోటికి మారితే పాత ఫీడ్‌ను కొత్తదానికి దారి మళ్లించే సదుపాయం ఉందా? లేకపోతే ఉన్న వినేవాళ్లందరినీ పోగొట్టుకుని మళ్లీ మొదటికి రావాలి. గూగుల్ పాడ్‌కాస్ట్స్‌లో పెట్టమనే గైడ్ కనిపిస్తే పక్కన పడేయండి, అది 2024లో మూతపడింది.

ఫీడ్‌లో మీ ఈమెయిల్ అందరికీ కనిపించే వీలుంది. యాప్‌లు మీరే యజమాని అని తేల్చుకోవడానికి కోడ్ పంపేది కూడా దానికే. అందుకని పాడ్‌కాస్ట్ కోసం వేరే మెయిల్ తెరవండి. భాష దగ్గర ఇంగ్లిష్ అని దానంతటదే పడి ఉండొచ్చు, తెలుగుకు మార్చండి. పేర్లు, వివరాలు యూనికోడ్‌లోనే (ఫోన్లో మామూలుగా కొట్టే తెలుగు) టైప్ చేయండి. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించినదాన్ని తెచ్చి అతికిస్తే తెరమీద పిచ్చి గీతలొస్తాయి.

కవర్ బొమ్మ చతురస్రం, 3000 పిక్సెళ్ల చొప్పున, జేపీజీ లేదా పీఎన్‌జీ. ఆపిల్ 1400 కంటే చిన్నది తీసుకోదు. అంత పెద్దగా తయారు చేసినా వినేవాళ్లు చూసేది ఫోన్లో గోరంత బొమ్మనే. తెలుగు ఒత్తులు ఆ సైజులో అలికినట్టయిపోతాయి. రెండు మూడు మాటలకు మించొద్దు, రామభద్ర లాంటి లావుపాటి ఫాంటు వాడండి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. బొమ్మ తయారయ్యాక వాట్సాప్ డీపీగా పెట్టి చూడండి. పేరు చదవగలిగితే సరే.

యూట్యూబ్‌ను చిన్నచూపు చూడకండి. మనవాళ్లలో పాడ్‌కాస్ట్ యాప్ అంటే తెలియనివాళ్లు కూడా యూట్యూబ్ తెరుస్తారు. యూట్యూబ్ స్టూడియోలో పాడ్‌కాస్ట్ అంటే ఒక ప్లేలిస్టే. ఆర్ఎస్ఎస్ లింకు ఇచ్చినా కవర్ బొమ్మతో వీడియోలు తయారు చేసి పెట్టుకుంటుంది. కెమెరా అక్కర్లేదు.

విడుదల, ఆ తర్వాత

మొదట నిమిషం, నిమిషంన్నర ట్రైలర్ ఒక్కటే పెట్టి, ఆ ఫీడ్‌ను అన్ని యాప్‌లకూ ఇవ్వండి. ఆపిల్ పరిశీలనకు కొన్ని రోజులు పట్టొచ్చు. విడుదల రోజు దాకా ఆగితే ఆ రోజు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ట్రైలర్‌లో మీ ఆశయాలు చెప్పకండి, ముగ్గురు అతిథుల గొంతులు తలో ముక్క వేసి, ఏ రోజు నుంచి వస్తుందో చెప్పి ముగించండి. విడుదల రోజు రెండు ఎపిసోడ్లు పెట్టండి. ఒకటి నచ్చినవాళ్లకు వెంటనే రెండోది దొరకాలి. అప్పటికే ఇంకో రెండు ఎడిట్ అయి సిద్ధంగా ఉండాలి. అవి లేకుండా తేదీ ప్రకటించొద్దు. ఆరో ఎపిసోడ్ దాకా తీసుకెళ్లేది ఆ రెండే.

వాట్సాప్‌లో "నా పాడ్‌కాస్ట్ వినండి, సపోర్ట్ చేయండి" అని గ్రూపులన్నిటికీ పంపితే బొటనవేళ్లు వస్తాయి, వినేవాళ్లు రారు. ఒక్కో మనిషికి విడిగా, ఫలానా నిమిషంలో ఫలానా సంగతి ఉంది, నీకు నచ్చుతుంది అని లింకు పంపండి. ఎపిసోడ్లో మాట్లాడినవాళ్ల ఇంటికి మాత్రం లింకుతో సరిపెట్టకుండా ఎంపీ3 ఫైలే ఇవ్వండి. వాళ్లు చుట్టాలందరికీ పంపుకుంటారు. ఆ వినడం మీ లెక్కల్లో కనిపించదు, ఫర్వాలేదు.

డబ్బు సంగతి మొదటి సీజన్లో మర్చిపోండి.

లెక్కలు నెలకోసారి చూస్తే చాలు. డౌన్‌లోడ్ల అంకె కంటే, స్పాటిఫై, ఆపిల్ ఇచ్చే గ్రాఫులో జనం ఏ నిమిషంలో వదిలేస్తున్నారో చూడండి. అన్ని ఎపిసోడ్లలోనూ మొదటి రెండు నిమిషాల్లోనే గీత పడిపోతుంటే మీ పరిచయం పొడవైంది, వచ్చేదాంట్లో కోసేయండి. ఒక్క ఎపిసోడ్లోనే మధ్యలో పడితే ఆ నిమిషానికి వెళ్లి వినండి. చాలాసార్లు అక్కడ మాట్లాడుతున్నది అతిథి కాదు, మీరే అయి ఉంటారు.

సీజన్ అయిపోయిన వారమే, ఎడిట్ చేయని అసలు రికార్డింగులను రెండు చోట్ల దాచండి: ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి గూగుల్ డ్రైవ్‌లో. ఫైలు పేరులో తేదీ, ఊరు, మనిషి పేరు ఉండాలి. "న్యూ రికార్డింగ్ 17" అని ఉంటే వచ్చే ఏడాదికి మీకే తెలియదు. తర్వాత మొదట రాసుకున్న పది పేర్ల కాగితం తీసి, చేసినవి కొట్టేసి, అతిథుల మాటల్లోంచి కొత్తగా పుట్టినవి కింద రాయండి. రెండో సీజన్‌కు మళ్లీ ఆరు పేర్లు అయ్యేదాకా కొత్త తేదీ ఎవరికీ చెప్పకండి.